85 లెన్సు కొనే ముందు

చి. హరితకు మావయ్య ఆశీస్సులు.

ఉన్న కెమెరా అమ్మేసి పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 85 1.4 లెన్సూ ఇఎంఐ మీద తీసుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. (85 అంటే ఎంఎంలో లెన్సు ఫోకల్ లెంగ్త్, పెరిగేకొద్దీ దూరానిది దగ్గరగా కనిపిస్తుంది. 1.4 అంటే లెన్సు ఎంత తెరుచుకుంటుందో, ఆ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది.) నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కెమెరా మీదకు నెట్టదగ్గ లోపం రాత్రి ఫొటోలోని గరుకుదనం ఒక్కటే. మిగతావన్నీ దూరంతో, వెలుగుతో, ఫోకస్‌తో వచ్చిన చిక్కులు.

వాచ్‌మన్ తాత ఫొటోలో ముక్కు లావుగా, చెవులు వెనక్కి పోయినట్టు వచ్చాయి చూడు. కెమెరాతో వచ్చిన కిట్ లెన్సుని 18 ఎంఎం మీద పెట్టి రెండడుగుల్లోకి వెళ్లిపోయావు. అంత దగ్గర నుంచి చెవికంటే ముక్కు కెమెరాకి మరీ దగ్గరవుతుంది. అదే లెన్సుని 55కి తిప్పి ఐదారడుగులు వెనక్కి జరుగు, ముఖం ముఖంలా ఉంటుంది. పైసా ఖర్చు లేదు.

మద్రాసు బెసంట్ నగర్ బీచ్‌లో పొద్దున ఎనిమిదింటికి అందర్నీ సముద్రం వైపు తిప్పి తీశావు, అందరూ కళ్లు చికిలించారు. మన సముద్రం తూర్పున కదమ్మా! సాయంత్రం సూర్యుడు మేడల వెనక్కి దిగాక అక్కడే, అలాగే సముద్రం వైపు నిలబెట్టు. అప్పుడు ఎదురుగా ఉన్న ఆకాశమంతా మెత్తటి వెలుగు ఇస్తుంది. ఉండేది అరగంటే, త్వరగా కానివ్వాలి.

ఇంట్లో అయితే ఎండ సూటిగా పడని కిటికీ చూసుకుని లైట్లన్నీ ఆర్పెయ్. పగటి వెలుగూ పసుపు బల్బూ కలిస్తే ఒక్కో చెంప ఒక్కో రంగులో వస్తుంది. మనిషిని కిటికీకి మూడడుగుల్లో కూర్చోబెట్టి, ముఖం కాస్త అటు తిప్పించు. నీడ వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టి, కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ కంటి కింద నలుపు ఎంత తగ్గుతోందో చూడు. కళ్లల్లో కిటికీ చిన్న చదరంగా మెరవాలి. మెరవకపోతే గడ్డం వేలెడంత ఎత్తించు.

కొనకుండా ఉండలేనంటే 50 1.8 ఒక్కటి తీసుకో. నీ కెమెరాది ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన క్రాప్ సెన్సర్, దాని మీద అది దాదాపు 75 లెన్సులా పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్‌దైతే వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడు. సాలీడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలెయ్. మద్రాసు తేమకి కొత్త లెన్సుకైనా అది పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకో.

లెన్సు వచ్చింది కదా అని ఎప్పుడూ పూర్తిగా తెరిచి 1.8లోనే ఉండిపోకు. ఐదడుగుల దూరంలో అప్పుడు స్పష్టంగా ఉండే మందం ఆరు సెంటీమీటర్లు, అటూ ఇటుగా. ముఖం పక్కకి తిరిగితే దగ్గరి కన్ను బాగుంటుంది, రెండోది మసకవుతుంది. నువ్వడుగుతున్న 85 1.4తో ముఖాన్ని అంతే పెద్దగా తీస్తే ఇందులో సగమే మిగులుతుంది. ఇప్పుడు తప్పుతున్న ఫోకస్ అప్పుడు ఇంకా తప్పుతుంది. 2.8తో మొదలుపెట్టి, ఫోకస్ గుర్తుని దగ్గరి కంటి మీదే ఉంచు. షట్టరు వేగం సెకనులో 1/200 వంతు కంటే నెమ్మదించనీయకు. అందుకు ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా సున్నితత్వం, పెరిగి గరుకు వచ్చినా రానీ. గరుకుని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, కదిలిన కన్నుని బాగుచేయలేం.

నాలుగు ఆదివారాలు ఒకే మనిషిని, ఆ ఒక్క కిటికీ దగ్గరే తియ్. పొద్దున ఎనిమిదికి, పదకొండుకి, సాయంత్రం నాలుగుకి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు, మామూలుగా పంపితే కుదించేస్తుంది, ఫొటోలో కళ్లు నాకు స్పష్టంగా కనబడవు.

మీ మావయ్య