మేనకోడలికి, పాత రికార్డరు కొనబోయే ముందు

అమ్మడూ,

మీ మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు పాత రోలాండ్ వీఎస్-880, అదే పాటలు రికార్డు చేసే ఎనిమిది ట్రాకుల పెట్టె, కొంటున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ‘ఇదంతా నీ వల్లే’ అన్న నిష్ఠూరం ఆమె గొంతులో వినబడింది. నిజమే కావచ్చు. ఆరేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫేడర్లు, శబ్దం పెంచి తగ్గించే ఆ జారుడు మీటలు, జరపనిచ్చింది నేనే కదా. రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, భయం కొంత. తెల్లవారకముందే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

కంప్యూటర్ ఉండగా 1996 నాటి పెట్టె ఎందుకని మీ అమ్మ అడుగుతోంది. నేను అడగను. పెద్ద తెర ముందు కూర్చుంటే పాటను కంటితో దిద్దడం అలవాటవుతుంది. ఆ పెట్టె తెరలో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, వినక తప్పదు. కానీ అమ్మేవాడు ‘అంతా బ్రహ్మాండంగా పనిచేస్తోంది’ అన్నాడని డబ్బు చేతిలో పెట్టకు.

వెళ్లేటప్పుడు నీ మైకు, నీ హెడ్‌ఫోను తీసుకుని వెళ్లు. ప్రతి ఫేడరునూ పాట నడుస్తుండగా జరిపి విను, గరగరలాడితే బేరం చెయ్యి. ఎఫెక్టుల బోర్డు ఆ మోడలుకు విడిగా కొనుక్కోవలసినది, లోపల ఉందో లేదో అడుగు. లేకపోతే నీ గొంతుకు రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టుండే గుణం, ఉండదు. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులు ఈ పెట్టె ఇవ్వదు, అవి ఇచ్చే చిన్న సౌండు మిక్సరు మధ్యలో పెట్టుకోవాలి. వెనక రాసి ఉన్న వోల్టేజీ మాత్రం నీ కళ్లతో చూడు. డల్లాసులో ఉన్న మీ అన్నయ్య చౌకగా దొరికిందని అక్కడిది పంపితే, దానిని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన మరుక్షణం పొగ చూస్తావు.

హార్డు డిస్కు దగ్గర చెవి పెట్టి విను. టక్, టక్ అని గోడ గడియారంలా కొట్టుకుంటుంటే ఇక ఎక్కువ రోజులు ఉండదు. దాని బదులు అడాప్టరుతో మెమరీ కార్డు పెట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు, ఆ పని తెలిసినవాడి చేత చేయించు. ఇంకొకటి, దీనికి యూఎస్‌బీ లేదు. పాటను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలంటే డిజిటల్ అవుట్ నుంచి రెండేసి ట్రాకుల (ఒక్కో గొంతుకూ వాయిద్యానికీ విడిగా ఉండే వరుసల) చొప్పున నాలుగుసార్లు పాట మొత్తం నడిపించాలి. ప్రతి ట్రాకు మొదట్లో ఒక చప్పట్ల దెబ్బ రికార్డయి ఉంటే తర్వాత అన్నింటినీ ఒకే వరుసలో కూర్చడం తేలిక. విసుగు పుట్టే పని, అయినా చెయ్యి. ఎందుకో చెబుతాను. ఇది మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను చెన్నైలో వైర్లు చుట్టే కుర్రవాడిగా ఉన్నప్పుడు ఏడాట్ అనే రికార్డింగు మిషను వచ్చింది. ఎస్-వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్టు మీద ఎనిమిది ట్రాకులు, నలభై నిమిషాల చొప్పున. టేపు మీద పాతదాని పైన కొత్తది ఎక్కిస్తే పాతది పోయినట్టే. అందుకే రికార్డు బటను నొక్కేముందు అందరం ఒకసారి ఊపిరి బిగబట్టేవాళ్లం. తర్వాత తెనాలి వచ్చి సొంతంగా వీఎస్-880 కొన్నాను. చేసిన పనిని రద్దు చేసుకుంటూ 999 అడుగులు వెనక్కి వెళ్లవచ్చట! ఆ అంకె నన్ను చెడగొట్టింది. భయం పోయింది, దానితో పాటు జాగ్రత్త కూడా.

ఒక పద్యనాటకాల పెద్దాయన చేత నాలుగు పద్యాలు పాడించి దాచుకోవాలని నా కోరిక. వేసవికాలం, మన వెనక గది. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపేశాం. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మూడో పద్యం చివర మోహన రాగంలో ఆలాపన ఎత్తుకుని, ఇక దించుతాడనుకున్నచోట దించకుండా ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. హార్మోనియం వాయించేవాడు తనకు తెలియకుండానే ‘ఆహా’ అన్నాడు. మైకు పట్టేసింది.

నాకు కోపం వచ్చింది. మచ్చ పడిందనుకున్నాను. మళ్లీ పాడమన్నాను. ఆయన ఏమీ అనకుండా పాడాడు, ఎక్కడా తప్పు లేదు. ఒక్కొక్క ట్రాకు వెనక వేరువేరుగా పాడినవి దాచుకునే ఎనిమిది వర్చువల్ ట్రాకులు, మొత్తం అరవైనాలుగు గదులు, చాలావరకు ఖాళీగా ఉండగా, నేను మొదటిదాని మీదనే రెండోది ఎక్కించాను. కావాలంటే వెనక్కి వెళ్లవచ్చు కదా అని ధీమా.

ఆ రాత్రి తంబురా కలుపుదామంటే డిస్కులో చోటు లేదు. కుదించకుండా రికార్డు చేస్తే ఒక ట్రాకుకు నిమిషానికి అయిదు మెగాబైట్లకు పైగా పడుతుంది. ట్రాకులు పెరిగేకొద్దీ డిస్కు త్వరగా నిండిపోతుంది. మెనూలో ‘సాంగ్ ఆప్టిమైజ్’ కనబడింది. వాడని సరుకంతా తీసేసి చోటు ఇస్తుంది. వెనక్కి వెళ్లడానికి దాచి ఉంచినవి కూడా దాని లెక్కలో వాడని సరుకే. పెట్టె మర్యాదగానే అడిగింది. సరేనని నేనే నొక్కాను.

మర్నాడు పెద్దాయన వచ్చి హెడ్‌ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మూడో పద్యం చివరికి వచ్చేసరికి ఆయన చేయి కొద్దిగా పైకి లేచింది. ‘ఆహా’ రావలసిన చోటు అది. రాలేదు. కళ్లు తెరిచాడు. “నిన్న ఇక్కడ మనవాడు ఆహా అన్నాడు కదా నాయనా, అది వినిపించు” అన్నాడు.

చెప్పాను. కాసేపు హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. “స్టేజీ మీద వన్స్‌మోర్ అంటే ఎన్నిసార్లయినా పాడేవాణ్ణి. రెండోది ఎప్పుడూ చప్పట్ల కోసం పాడిందే” అన్నాడు. నా ముఖం చూసి జాలిపడినట్టున్నాడు, అడగకుండానే ఇంకోసారి పాడాడు. బాగానే పాడాడు.

కాబట్టి ఆ మెనూ జోలికి వెళ్లకు! మొదటిసారి పాడినదాన్ని వేరే వర్చువల్ ట్రాకులో ఉంచి పక్కకు జరుగు. చోటు చాలకపోతే పాట బయటికి తీసి రెండుచోట్ల దాచుకో, అంతేకానీ అర్ధరాత్రి నిద్రకళ్లతో దేనికీ సరే అనకు. షట్‌డౌన్ చేయకుండా స్విచ్చి కట్టేయకు. మీ వీధిలో కరెంటు సంగతి నాకు తెలుసు, యూపీఎస్ లేకుండా పెట్టెను తాకనే తాకకు. తిడుతున్నాననుకోకు తల్లీ. నువ్వు పాడుతుండగా మీ అమ్మ వంటింట్లోంచి పిలిచినా, వీధిలో కూరల బండివాడు అరిచినా దాన్ని చెరిపేయకు. వారం ఆగి విను.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. అటక మీద నా పాత మిక్సరు ఉంది, తుడిచి తెస్తాను. మీ అత్తయ్య గోంగూర పచ్చడి కలిపి పెట్టింది. తిన్న చేత్తో ఫేడర్లు ముట్టుకుంటే మాత్రం ఊరుకోను.

మీ మామయ్య