మాత్ర వేసే ముందు ముక్కు చూడండి

పిల్లి కొన్నాళ్లుగా తుమ్ముతోంది, ఏ మాత్ర వేయాలని అడిగారు. మాత్ర సంగతి తర్వాత. ముక్కు రెండు వైపులా కారుతోందా, ఒక వైపేనా?

మాది అమలాపురం దగ్గర పల్లె. దాళ్వా కోతలయ్యాక మా నల్లపిల్లి కాపురమంతా గడ్డిమేటు మీదే. ఒక మధ్యాహ్నం అక్కడి నుంచి దూకి, ఆగకుండా తుమ్మడం మొదలుపెట్టింది. ముందుకాలితో మూతి గీరుకోవడం, తల విదిలించడం, మళ్లీ తుమ్ము. సాయంత్రానికి ఎడమ ముక్కులో నెత్తుటి చార. ఊరికి బయలుదేరిన మా మామగారు నల్లపిల్లి, పైగా తుమ్ము అంటూ చెప్పులు విడిచి కూర్చున్నారు. పక్కింటి పిన్నిగారు కర్పూరం వాసన చూపించమన్నారు. మందుల షాపు అబ్బాయి పారాసిటమాల్ ముక్క వేయమన్నాడు. పశువుల ఆసుపత్రిలో పిల్లిని చూసి నవ్వారు. మన దగ్గర పాలిచ్చేదానికే వైద్యం!

కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కట్టి, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ తీసుకెళ్లాం. డాక్టరు గారు మత్తిచ్చి, గొంతు వైపు మెత్తటి అంగిలిని ముందుకు లాగి చూసి, పట్టకారుతో పొడవాటి గడ్డిపరక బయటికి తీశారు. దీనికి ఏ సిరప్పు పనిచేస్తుంది చెప్పండి?

ఒక వైపే కారితే గడ్డో గింజో అనుమానించాలి. ముసలి పిల్లికైతే పై కోరపన్ను వేరులో చీము పట్టినా అంతే. రెండు వైపులా కారి, కళ్లు కూడా పుసులు కడితే చాలావరకు వైరస్సే: హెర్పిస్ లేదా కాలిసి. హెర్పిస్ ఒకసారి పడితే జన్మంతా ఒంట్లోనే ఉంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా మళ్లీ లేస్తుంది. చిన్నప్పుడే టీకా వేయిస్తే జబ్బు తీవ్రత తగ్గుతుంది. చీమిడి పచ్చగా చిక్కబడితే డాక్టరు డాక్సీసైక్లిన్ రాయవచ్చు. ఆ మాత్ర వేశాక నీళ్లు తాగించాలి, లేకపోతే గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది.

అసలు గమనించవలసింది తిండి. వాసన తెలియని పిల్లి కంచం ముట్టదు. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. ముక్కు తడిగుడ్డతో తుడిచి, ఉప్పూ కారం లేని చేపముక్క గోరువెచ్చగా పెట్టండి. దోమల చక్రాలు ఆర్పేయండి. కాలువలు, చెరువుల మధ్య బతికే మనం రాత్రంతా ఆ పొగలోనే పడుకుంటాం. నన్నడిగితే కోనసీమ పిల్లుల తుమ్ముల్లో సగం ఆ పొగ పుణ్యమే.

పారాసిటమాల్ మాత్రం వద్దు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. షాపు అబ్బాయికి ఈ మాట చెబితే, "చంటిపిల్లలకే ఇస్తామండీ, పిల్లికేమవుతుంది?" అన్నాడు. మీరు ఇప్పటికే వేసి ఉంటే, చదవడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి.