మీ వెబ్‌సైట్‌ని గిట్‌హబ్ పేజెస్‌లో (సైట్లను ఆన్‌లైన్‌లో పెట్టే సర్వీస్) పెట్టాక ఫొటోలు రావట్లేదా? మొదటి స్లాష్ చూడండి
కోడ్‌లో ఫొటో ఉన్న దారిని "/ఫొటోలు/లోగో" అని రాసి ఉంటే, ఆ మొదటి స్లాష్ వల్లే 404 (ఫైలు దొరకలేదనే ఎర్రర్) వస్తోంది. స్లాష్‌తో మొదలైతే బ్రౌజర్ డొమైన్ మొదటికి వెళ్లి వెతుకుతుంది. మీ కంప్యూటర్‌లో లైవ్ సర్వర్‌కి (సైట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూపించే టూల్) ప్రాజెక్ట్ ఫోల్డరే మొదలు కాబట్టి అక్కడ అన్నీ కనిపించాయి. గిట్‌హబ్‌లో మీ సైట్ డొమైన్ తర్వాత రిపాజిటరీ (గిట్‌హబ్‌లో మీ ప్రాజెక్ట్ ఫైళ్లు ఉండే చోటు) పేరు కింద ఉంది, స్లాష్ దాన్ని దాటేస్తోంది.

1. స్లాష్ తీసేసి "ఫొటోలు/లోగో" అని పెట్టండి.

2. సబ్ ఫోల్డర్‌లో ఉన్న పేజీలైతే ముందు "../" చేర్చండి, అంటే ఒక ఫోల్డర్ బయటికి వెళ్లమని. రెండు ఫోల్డర్ల లోపల ఉంటే "../../".

3. చాలామంది వదిలేసేది ఇదే. సీఎస్ఎస్‌లో (పేజీ రంగులు, రూపం రాసే కోడ్) ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్ ఫొటో దారిని పేజీ నుంచి కాదు, ఆ సీఎస్ఎస్ ఫైలు ఉన్న చోటి నుంచి లెక్కపెడతారు. ఫైలు "స్టైల్స్" ఫోల్డర్‌లో ఉంటే, హోమ్ పేజీకైనా సరే "../ఫొటోలు/లోగో" అనే రాయాలి. దీనికి నేను ఒక రాత్రంతా తల పట్టుకున్నాను.

4. వాట్సాప్‌లో లింక్ పంపితే వచ్చే ప్రివ్యూ ఫొటోకి మాత్రం హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి అడ్రస్ ఇవ్వండి.

అప్‌లోడ్ అయ్యాక కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కి చూడండి, పాత కాపీ కనిపించి మళ్లీ టెన్షన్ పడొద్దు.