కొత్త మడత చాకు కొన్నాక దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చోవడం మామూలేనా?

రోజూ జేబులో ఉంచుకోవడానికి మొదటిసారి చాకు కొన్నానని, పొద్దస్తమానం దాంతోనే ఆడుకుంటుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారని రాశారు. నవ్వనివ్వండి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! నాదీ అదే వరస. కొత్తలో ఏ పార్సిల్ వచ్చినా ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. విప్పాల్సినవి అయిపోతే ఖాళీ అట్టపెట్టెలు కోసేవాణ్ణి.

నా దగ్గరున్నది ఒపినెల్ కంపెనీ మడత చాకు, 8వ నంబరు సైజు. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో మొదలైన రకం. చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, మెడ దగ్గర ఒక ఉక్కు రింగు, అంతే. ఆ రింగు 1955లో వచ్చిందట. బ్లేడు తెరిచి దాన్ని కాస్త తిప్పితే ఇక ముడుచుకోదు. ఆ తిప్పుడులో ఏముందో గానీ, వేలు ఊరికే ఉండదు.

నేను కావాలనే స్టెయిన్‌లెస్ వద్దనుకుని కార్బన్ స్టీలుది తీసుకున్నాను. తళతళలాడే బ్లేడుతో మొదట ఒక యాపిల్ కోసి, తుడవకుండా కాసేపు వదిలేశాను. రసం తగిలినంత మేరా నీలం, బూడిద కలిసిన మరకలు తేలాయి. అది పాడవడం కాదు. ఆ పొర తుప్పును కొంతవరకు ఆపుతుంది కూడా. ఎర్రగా, గరుకుగా కనిపిస్తేనే తుప్పు. తడి తుడిచి, అప్పుడప్పుడు ఒక నూనె చుక్క రాస్తే చాలు. చెక్క పిడిని మాత్రం నీళ్లలో నానబెట్టకండి. ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, తెరవడానికి గోరు విరగాల్సిందే. బలవంతం చేయకుండా ఆరనిస్తే మళ్లీ వదులవుతుంది.

మీరు ఆడుకోవడం మంచిదే, చేతికి అలవాటవుతుంది. కానీ తెరవడం కన్నా మూయడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. బ్లేడు వచ్చి పడే దారిలో వేళ్లు లేవని చూసుకున్నాకే లాక్ తీయాలి. మీది విక్టోరినాక్స్ కంపెనీ చిన్న చాకుల్లా లాక్ లేనిదైతే, బ్లేడును నిలబెట్టేది వెనకున్న స్ప్రింగు ఒక్కటే. మొనతో గట్టిగా పొడిస్తే అది మన వేళ్ల మీదికే ముడుచుకుంటుంది. డబ్బా మూతలు పెకలించడానికి, స్క్రూలు తిప్పడానికి కూడా వాడొద్దు, మొన విరుగుతుంది. అన్నట్టు, మొద్దుబారిన చాకుతోనే చేయి ఎక్కువ తెగుతుంది. బలం పెట్టి నొక్కుతాం, అది జారుతుంది. అందుకే చాకుతోపాటే ఒక సానరాయి తెచ్చుకోండి. కార్బన్ స్టీలు తొందరగా పదునెక్కుతుంది, నేర్చుకోవడానికి అదే వీలు.

జేబులో పెట్టుకుని బయటికి వెళ్లేముందు మీరుండే చోట చట్టం ఏమంటుందో చూసుకోండి. కొన్నిచోట్ల బ్లేడు పొడవును, కొన్నిచోట్ల లాక్‌ను కూడా పట్టించుకుంటారు. విమానం ఎక్కేటప్పుడైతే చెక్-ఇన్ సామానులో వేసేయండి, లేకపోతే సెక్యూరిటీ దగ్గర దానికి నమస్కారం పెట్టి రావాల్సి వస్తుంది.

ఇక గీతలు పడతాయేమో అని కూడా అడిగారు. తాళంచెవులున్న జేబులోనే వేస్తే తప్పకుండా పడతాయి. నాకైతే పట్టింపు లేదు. మీకు మనసొప్పకపోతే క్లిప్ ఉన్న రకం తీసుకుని జేబు అంచుకు తగిలించుకోండి.