కొత్త డొమైన్ మెయిల్స్ స్పామ్‌లోకి పోతున్నాయి

ప్రశ్న: చీరల ఆన్‌లైన్ షాప్‌కి కొత్త డొమైన్ తీసుకుని పాత కస్టమర్లు 8 వేల మందికి ఒకేసారి ఆఫర్ మెయిల్ పంపామండి, చాలావరకు స్పామ్‌లో పడ్డాయి. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు పంపడం ఆపండి. నిన్నటిదాకా ఒక్క మెయిలూ పంపని డొమైన్ ఒక్కసారిగా వేలల్లో పంపితే జీమెయిల్‌కి అనుమానం రాదా మరి? ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) మూడూ సరిగ్గా పెట్టారో లేదో చూసుకోండి, 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకి ఇవి తప్పనిసరి. తర్వాత ఈమధ్య కొన్నవాళ్లకి, మీ మెయిల్స్ తెరిచి చూసేవాళ్లకి మాత్రమే రోజుకి ఓ 50తో మొదలుపెట్టి, ఫిర్యాదులు రాకపోతేనే మెల్లగా పెంచుకుంటూ పోండి, నెల పట్టినా పర్లేదు. స్పామ్ రిపోర్టులు 0.1 శాతం లోపే ఉండాలి, 0.3కి అస్సలు చేరనివ్వొద్దు, గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో చూసుకోవచ్చు. దొంగ అకౌంట్లతో మెయిల్స్ తెరిపించి వార్మప్ (కొత్త డొమైన్‌కి మెల్లగా మంచి పేరు తెచ్చిపెట్టడం) చేస్తామనే సర్వీసులు, నన్నడిగితే వద్దు.