స్కాన్ ఫిల్మ్ కన్నా మీ బొటనవేలే ఎక్కువ చెబుతుంది

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మాది మర్రిగూడ మండలం. బత్తాయి తోట ఉంది, ట్రాక్టర్ నేనే నడుపుతాను. నెల కింద యూరియా బస్తా ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది. రెండు రోజులకు నొప్పి కుడి పిర్ర నుంచి తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా దిగింది. తుమ్మితే ప్రాణం పోతోంది. ఆర్‌ఎంపీ దగ్గర రోజు విడిచి రోజు సూదులు వేయించుకున్నా. ఎంఆర్‌ఐలో ఎల్‌4-ఎల్‌5 డిస్క్ బల్జ్ అని వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుందని ఒక డాక్టర్ అన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా నాన్నకు ఫ్లోరైడ్ వల్ల మెడ, నడుము బిగుసుకుపోయాయి. నాదీ అదేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు రాసినవి సయాటికా లక్షణాలే. నడుములో వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ బయటికి పొడుచుకొచ్చి కాలికి వెళ్లే నరం మొదట్లో నొక్కుతోంది. నొక్కడమే కాదు, డిస్క్ లోపలి పదార్థం తగిలి నరం వాస్తుంది కూడా. ఆ వాపు తగ్గేకొద్దీ నొప్పీ తగ్గుతుంది. ఎక్కువ మందికి 6 నుంచి 12 వారాల్లో బాగా నెమ్మదిస్తుంది. జారిన ముక్కను శరీరం మెల్లగా తనే కరిగించుకుంటుంది. వింతగా అనిపించవచ్చు గానీ, చిన్న ఉబ్బు కన్నా బాగా బయటికి వచ్చిన పెద్ద ముక్కే ఎక్కువగా కరుగుతుంది. మీకు ఇంకా నెలే అయింది.

బల్జ్, అంటే ఉబ్బు, అన్న మాట చూసి హడలిపోకండి. నడుము నొప్పే ఎరగని నలభై ఏళ్ల వాళ్లకు స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో అది కనిపిస్తుంది. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ముందు మీ కాలును చూసి తేల్చాలి. ఆ డాక్టర్ మిమ్మల్ని పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకి లేపి చూశారా? బొటనవేలు పైకి ఎత్తమని చెప్పి, తన వేలితో కిందికి నొక్కుతూ బలం చూశారా? మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయించారా? ఎల్‌4-ఎల్‌5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య, సాధారణంగా నలిగేది ఎల్‌5 నరం. అది దెబ్బతింటే బలం తగ్గినట్టు ముందు పట్టిచ్చేది ఆ బొటనవేలే. బలం తగ్గనప్పుడు ‘ఇవాళే కోయాలి’ అన్న బెదిరింపులో పస లేదు. మీ చెప్పులు కూడా విప్పించకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చిన చోటి నుంచి ఫైలు తీసుకుని ఇంకో చోటికి వెళ్లండి.

నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ ఓపీకి ముందు వెళ్లవచ్చు. అక్కడి వాళ్లు అవసరమనుకుంటే హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో న్యూరోసర్జరీ విభాగాలు ఉన్నాయి. ఆపరేషన్ దాకా వస్తే ఆరోగ్యశ్రీ కింద వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. 2023 డిసెంబరు నుంచి ఆ పథకం పరిమితి 10 లక్షల రూపాయలు.

ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. పాదం బలం తగ్గుతుంటే, లేదా రెండు మూడు నెలలు సరిగ్గా మందులు, వ్యాయామం చేశాక కూడా నొప్పి పనిచేసుకోనివ్వకపోతే చేయించుకోవాల్సిందే. చేయించుకున్న వాళ్లకు కాలి నొప్పి తొందరగా పోతుంది. అయితే ఏడాది తిరిగేసరికి చేయించుకున్నవాళ్లూ, ఆగినవాళ్లూ ఇంచుమించు ఒకేలా ఉంటారు. నడుము నొప్పి మాత్రం ఆపరేషన్‌తో పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆ సూదులు ఇక ఆపండి. వాటిలో ఏముందో మీకు తెలియదు. తరచూ పెయిన్ కిల్లర్, మధ్యలో స్టెరాయిడ్ కలిపి ఇస్తుంటారు. కిడ్నీలు, కడుపు పాడవుతాయి, షుగర్ పెరుగుతుంది. ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), షుగర్ పరీక్షలు చేయించుకోండి. నరాల మందని ప్రీగాబాలిన్ రాస్తే ఎందుకని అడగండి. సయాటికాలో దానివల్ల పెద్దగా మేలు లేదు, పైగా మగత వస్తుంది. ట్రాక్టర్ నడిపేవారికి అది మంచిది కాదు. నడుము తొక్కించుకోవడం, విరిపించుకోవడం వద్దే వద్దు.

మంచం పట్టకండి. నొప్పి మరీ ఎక్కువైతే ఒకటి రెండు రోజులు చాలు, తర్వాత ఇంటి చుట్టూ అయినా సరే రోజుకు నాలుగైదు సార్లు కాసేపు నడవండి. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే చాలామందికి నిద్ర పడుతుంది. గొంతుకూర్చోవడం కష్టంగా ఉంటే కొన్నాళ్లు ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ వాడండి, ఇందులో నామోషీ ఏం లేదు. మందు పిచికారీ ట్యాంకు వీపుకు తగిలించుకోవడం, బస్తాలు ఎత్తడం ఇప్పుడు వేరేవాళ్లకు అప్పజెప్పండి. ట్రాక్టర్ మళ్లీ ఎక్కినప్పుడు అరగంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. బెల్టు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. వ్యాయామాలు మాత్రం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని చేయండి, ఫోన్‌లో వీడియో చూసి కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా అర్ధరాత్రి అయినా 108కు ఫోన్ చేసి న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ గంటలు లెక్క. పాదం ఉన్నట్టుండి జారి నేలకు ఈడ్చుకుపోతున్నా అదే రోజు చూపించుకోండి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా తొందరగా చూపించాలి. మన దగ్గర వెన్నెముక టీబీ అరుదేమీ కాదు.

ఇక ఫ్లోరైడ్. మీ ప్రాంతంలో ఈ అనుమానం రావడం సహజం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగితే ముప్పు మొదలవుతుంది. అది ఎముకల్లో పేరుకుని, వెన్ను వెంట పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిపడి, నడుము, మెడ వంగకుండా చేస్తుంది. బస్తా ఎత్తిన రోజు మొదలై ఒకే కాలిలోకి దిగిన నొప్పి ఆ తీరు కాదు. చిన్నప్పుడు బోరు నీళ్లే తాగి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, ఒక ఎక్స్‌రేతో తేలుతుంది. ఇప్పుడు మాత్రం తాగడానికి, వంటకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లే వాడండి.

నాకు మీకన్నా మీ నాన్నగారి గురించే ఎక్కువ ఆలోచన. ఫ్లోరోసిస్‌లో గట్టిపడిన లిగమెంట్లు మెడ దగ్గర, వీపు మధ్యలో వెన్నుపామును నొక్కవచ్చు. ఆయన నడుస్తుంటే కాళ్లు బిగుసుకుని తడబడుతున్నాయా, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు తిరగడం లేదా గమనించండి. ఉంటే నడుము ఎంఆర్‌ఐ ఒక్కటే సరిపోదు, మెడ, వీపు కూడా చూడాలి. మీ ఓపీ రోజునే ఆయన్ను వెంట తీసుకెళ్లండి.