చలికాలంలో రామేశ్వరం: డిసెంబర్ వద్దు, ఒక్క రాత్రి చాలదు, మా రెండు ట్రిప్పుల అనుభవం

మీరు చిత్తూరు నుంచి అడిగినారు, అమ్మానాయన, ఇద్దరు పిల్లోళ్ళతో డిసెంబర్ చివరి వారంలో రామేశ్వరం పోవాలనుకుంటా ఉండాం, ఒక రాత్రి ఉంటే సరిపోతుందా, కారు మంచిదా రైలు మంచిదా అని. మాది తిరుపతి. రెండుసార్లు పోయినాం, రెండూ చలికాలమే, మొదటిసారి అచ్చం మీ ప్లానే, దానివల్ల ఏం పోగొట్టుకున్నామో తెలుసు కాబట్టి రాస్తా ఉండా. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

డిసెంబర్ వద్దు. సంక్రాంతి అయిపోయినాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పెట్టుకోండి. రెండు రాత్రులు ఉండండి, గుడికి ఒక రోజు, దీవి కొసలో తుఫానుకి పాడుబడిన ఊరు ధనుష్కోటికి ఒక పొద్దున.

ఎందుకంటే మనకి నవంబర్ డిసెంబర్లలో వాన ఎట్లా పట్టుకుంటుందో తెలుసు కదా, ఆ ఈశాన్య రుతుపవనమే ఆ పక్కా వస్తుంది, పైగా అది నాలుగు దిక్కులా సముద్రం ఉండే దీవి, గాలి కొడితే ఇక ఏ పనీ జరగదు. 2019 డిసెంబర్ మూడో వారంలో మేము కారేసుకొని పోయినాం. దిగినప్పటి నుంచి వాన. అయ్యప్ప స్వాముల సీజన్, శబరిమల నుంచి వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు అంతా ఆ దారిన రామేశ్వరం చూసుకొనే పోతారు, గుడి చుట్టూ కాలు పెట్టేదానికి సందు లేదు. ఫోన్‌లో ఒక రేటు చెప్పిన లాడ్జి వాళ్ళు మేము సామాన్లు దించినాక దానికి డబుల్ అడిగినారు, రాత్రి పది గంటలకి వానలో ముసలోళ్ళని పెట్టుకొని ఎక్కడికి పోతాం, ఇచ్చేసినాం. పొద్దున దర్శనం ఎట్లనో చేసుకొని ధనుష్కోటికి బయల్దేరితే గాలి జాస్తిగా ఉందని పోలీసులు మధ్యలోనే ఆపి వెనక్కి పంపించినారు. మరుసటి రోజు ఆఫీసు. అట్లనే తిరుగుముఖం.

మా నాయన దారంతా మాట్లాడలేదు. ఆయనకి గుడి ఎంత ముఖ్యమో ధనుష్కోటీ అంతే ముఖ్యం. మా తాత వయసులో ఉన్నప్పుడు మద్రాసు ఎగ్మోర్ స్టేషన్‌లో మూటలు మోసినాడు. ఆ కాలంలో అక్కడి నుంచే బోట్ మెయిల్ బయల్దేరేది, రైలు ధనుష్కోటి దాకా పోతే ఆడ దిగి స్టీమరెక్కి శ్రీలంకలో తలైమన్నార్, మళ్ళా రైలెక్కి కొలంబో. మా తాత ఎంతమంది సామాన్లు ఆ బండిలో పెట్టినాడో, ఆ రైలు ఆగే చోటు మాత్రం ఆయన ఎప్పుడూ చూళ్ళేదు. నాయనకి చిన్నప్పటి నుంచి ఆ ముచ్చట్లే. అందుకే ఆయన్ని మళ్ళా తీసుకపోవాలని నా మనసులో అట్లనే ఉండిపోయింది.

రెండోసారి పోయిన జనవరి చివర్లో, దీవిని నేలతో కలిపే కొత్త పాంబన్ బ్రిడ్జి వచ్చినాక, రైల్లో పోయినాం. తిరుపతి నుంచి రామేశ్వరానికి నేరుగా రైలు ఉంది, చిత్తూరు, కాట్పాడి, వేలూరు, తిరువణ్ణామలై మీదగా పోతుంది కాబట్టి మీరు మీ ఊర్లోనే ఎక్కచ్చు. రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే బుక్ చేసుకుంటే పెద్దోళ్ళకి లోయర్ బెర్తులు దొరుకుతాయి. కారైతే తిరుపతి నుంచి దాదాపు 600 కిలోమీటర్లు, నడుం నొప్పి ఉన్నోళ్ళకి ఒక్క రోజులో అంత దూరం చాలా కష్టం, తప్పదంటే తిరుచ్చిలో ఒక రాత్రి ఆగి శ్రీరంగం చూసుకొని పోండి.

గుడి సంగతి. ముందు అగ్ని తీర్థం, అంటే గుడికి ఎదురుగా ఉండే సముద్రంలోనే స్నానం, తర్వాత లోపల 22 తీర్థాలు, అంటే బావులు. మేము పోయినప్పుడు మనిషికి 25 రూపాయల టికెట్. బయట ఒకరిద్దరు వచ్చి మేము త్వరగా చేయిస్తాం అని వందలకి వందలు అడుగుతారు, అవసరం లేదు, జనవరి చివర్లో లైను బాగానే జరిగింది. ఒక్కో బావి గట్టు మీద ఒక మనిషి నిలబడి తాడు కట్టిన బకెట్ లోపలికి ఇడిచి, చేది, ఒక్క విసురులో నాలుగు తలల మీద పోస్తాడు, నీళ్ళు నెత్తిన దబ్బున పడతాయి, ఊపిరి తీసుకునేలోపు పక్క బావికి పోవాల. ఒక బావిలో నీళ్ళు చల్లగా, ఇంకోదాంట్లో గోరువెచ్చగా. సముద్రం అంత పక్కన ఉండి కూడా నోట్లో పడిన నీళ్ళు నాకు ఉప్పగా తగల్లేదు, మా చిన్నోడు ప్రతి బావి దగ్గరా నాలుక చాపి చూసినాడు.

మీ అమ్మానాయన విషయంలో మాత్రం జాగ్రత్త, నేలంతా తడి, రాతి బండలు జారుతాయి. ఒకరు చెయ్యి పట్టుకొనే ఉండాల. తడి బట్టలతో గర్భగుడి దగ్గరికి పంపరు, పొడి బట్టలు సంచిలో పెట్టుకొనిపోండి, ఇది తెలీక మొదటిసారి మేము రూముకి పోయి మళ్ళా వచ్చి ఇంకో లైనులో నిలబడినాం. తెల్లవారుజామున 5 గంటలకి స్ఫటిక లింగ దర్శనం ఉంటుంది, ఓపిక ఉంటే అది వదలద్దండి. సీతమ్మ చేసిన ఇసుక లింగం ఒకటి, హనుమంతుడు తెచ్చిన లింగం ఒకటి, హనుమంతుడు నొచ్చుకోకూడదని ఆయన తెచ్చిన విశ్వలింగానికే ముందు పూజ, ఇది పిల్లోళ్ళకి ముందే చెప్పండి, ఆడ నిలబడినప్పుడు వాళ్ళే వెతుక్కుంటారు. మూడో ప్రాకారంలో 1212 స్తంభాలు అంటారు, ఎండ పెరిగే టైమ్‌కి ఆడికి పోయి ఊరికే నడవండి, మా అమ్మ గంటసేపు ఒక స్తంభానికి ఆనుకొని కూర్చునింది, లేపబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కలాం గారి ఇల్లు మసీదు వీధిలో, స్మారకం పేయ్‌కరుంబులో, రెండూ చూడండి. మన శ్రీహరికోట నుంచి 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకొనిపోయిందే, దానికి ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆయనే కదా, ఈ దీవిలో పెరిగిన పిల్లోడు మన పక్కనుండే దీవి నుంచి రాకెట్ పంపినాడు అని చెప్తే మా పాప ఆ ఇరుకు మెట్ల ఇంటిని చూసే చూపే మారిపోయింది.

రెండో రోజు ధనుష్కోటి, దీనికోసమే రెండో రాత్రి. చీకటితోనే లేచి ఆటో మాట్లాడుకొని పోండి, మేము పోయినప్పుడు చెక్‌పోస్ట్ దగ్గర ఆరుకి వదిలినారు. సాయంత్రం పోతే చీకటి పడకముందే పంపించేస్తారు, మధ్యాహ్నం ఎండకి ఇసుక మీద నిలబడలేం. ఊరి నుంచి కొస దాకా, అంటే అరిచల్ మునై దాకా 20 కిలోమీటర్లు, 2017లో రోడ్డు వేసినారు, అంతకు ముందు ఇసుకలో వ్యాన్లే గతి. రోడ్డుకి రెండు పక్కలా సముద్రం. ఆటో ఆయన చెప్పినాడు, ఒక పక్కది ఆడ సముద్రం, ఇంకో పక్కది మగ సముద్రం అంటారంట ఆడి జనం. కొసలో మాత్రం నీళ్ళలోకి దిగనియ్యద్దు పిల్లోళ్ళని, లోపల ఒరవడి చాలా ఎక్కువ.

దారిలో కోదండరామ స్వామి గుడి, విభీషణుడు శరణు అన్న చోటు అంటారు, 1964 తుఫానుకి కూడా నిలబడింది. దాని చుట్టూ ఉండే నీళ్ళలో ఆ నెలలో ఫ్లెమింగోలు ఉన్నాయి, మన పులికాట్‌లో చూసేవే.

1964 డిసెంబర్ 22 రాత్రి పాంబన్ నుంచి వస్తా ఉండిన ప్యాసింజర్ రైలుని ధనుష్కోటి దగ్గరికి వచ్చినాక అల కొట్టుకొనిపోయింది, అందులో వంద మందికి పైనే ఉన్నారు, ఊరు ఊరే పోయింది. ఇప్పుడు చర్చి గోడలు మిగిలినాయి, పగడపు రాళ్ళతో కట్టినవి, చెయ్యి పెడితే రంధ్రాలు రంధ్రాలుగా తగుల్తాయి. స్టేషన్ కూడా మొండి గోడలే. నాయన ఆడికి పోయి చెప్పులు విడిచి నిలబడినాడు, గుడిలో నిలబడినట్టే. పక్కన గుడిసె ముందర ఒక అవ్వ ఇసుకలో చేత్తోనే మోకాలి లోతు గుంత తవ్వి, అడుగున ఊరే నీళ్ళని గ్లాసుతో తోడి బిందెలో పోస్తా ఉంది. పది అడుగుల అవతల సముద్రం. అడిగితే నాయనకి ఒక గ్లాసు ఇచ్చింది, తియ్యని నీళ్ళు. నాయన సగం తాగి మిగతాది నాకిచ్చినాడు. మీ తాతకి తెలిసింటే బాగుండు అన్నాడు, అంతే.

మిగతావి తొందరగా చెప్పేస్తా. స్వెట్టర్లు అక్కర్లేదు, టోపీలు కావాల. పౌర్ణమి, పుష్య అమావాస్య వదిలేసుకోండి, ఆ అమావాస్య తమిళోళ్ళకి తై అమావాసై, తర్పణాలకి జనం విరగబడతారు. తెలుగు సత్రాలు ఉన్నాయి, గది ఖాళీ ఉందో లేదో ముందే ఫోన్ చేసి, రేటు మెసేజ్‌లో రాయించుకోండి, మాకు జరిగింది మీకు జరగకూడదు. పగడపు ముక్కలు అమ్మితే కొనద్దు, అది చట్టప్రకారం నేరం.

తిరుగు రైలు సాయంత్రం వెలుతురులో ఎక్కినాం, టైమింగ్ యాప్‌లో చూసుకోండి, అట్లా కుదిరితే పిల్లోళ్ళకి కిటికీ సీట్లు ఇచ్చేయండి. కొత్త బ్రిడ్జి 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు మొదలైంది, మధ్యలో 72.5 మీటర్ల ముక్క ఓడలు పోయేదానికి అట్లే నిలువుగా పైకి లేస్తుంది. మేము పోయినప్పుడు పక్కనే 1914 నాటి పాత బ్రిడ్జి ఉండింది. తుఫానులో అది తెగిపోతే ఆరు నెలలు పడుతుందన్న పనిని 46 రోజుల్లో చేయించింది శ్రీధరన్ గారు, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించినాయన, మన కాకినాడలో ఇంజనీరింగ్ చదివినాడు. బ్రిడ్జి దాటేంత సేపు నాయన ఆ పాత పట్టాలనే చూస్తా ఉన్నాడు, మీ తాత పెట్టిన సామాన్లు దీని మీదనే పోయింటాయిరా అన్నాడు.